రంగూన్ పాతవీధుల్లో పరదేశి కవి

కిందటి సంవత్సరం ఒక సాయంత్రం, డిగ్రీ చదువుతున్న కుర్రవాడొకడు సింగరాయకొండలో నేను అద్దెకుంటున్న ఇంటికి వచ్చాడు. అతను పట్టుకొచ్చింది నేను చెప్పే తెలుగు పాఠం కాదు, ఇంగ్లీషు పాఠం. జార్జి ఆర్వెల్ 1936లో ప్రకటించిన వ్యాసం అది. బర్మాలో పోలీసు అధికారిగా ఉన్న రోజుల్లో, మౌల్మీన్ పట్టణంలో మదమెక్కిన ఏనుగును కాల్చి చంపిన సంగతి అందులో చెప్పబడింది. ఆ ఏనుగు అంతకు ముందే ఒక కూలివాణ్ణి తొక్కి చంపింది. వ్యాసం చివర ఒక మాట కింద పెన్సిలుతో గీత గీసి ఉంది. “కోరంగీ కూలీ అంటే ఎవరు సార్? నోట్సులో లేదు” అని అడిగాడు కుర్రవాడు.

గోదావరి సముద్రంలో కలిసే చోట కోరంగి అనే రేవు ఉండేదనీ, అక్కడి నుంచి ఓడలెక్కి బర్మా వెళ్ళిన మనవాళ్ళను ఆ దేశంలో కోరంగీలని పిలిచేవారనీ చెప్పాను. ఆ రేవు 1839 తుఫానుకు దెబ్బతిన్నా పేరు మాత్రం నిలిచిపోయింది. ఏ తెలుగు జిల్లా నుంచి వెళ్ళినా, ఏ రేవులో ఓడ ఎక్కినా, బర్మాలో దిగగానే మనిషి కోరంగీ అయిపోయేవాడు. కుర్రవాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, “అయితే చచ్చిపోయింది మనవాడా సార్? క్లాసులో మేమంతా ఏనుగు కోసం బాధపడ్డాం” అన్నాడు.

ఈ వ్యాసం ఆ మాట వల్లనే పుట్టింది. కుర్రవాడి తప్పు ఏమీ లేదు. ఆర్వెల్ వ్రాత అలాంటిది. ఏనుగు చావుకు అందులో పేరాల మీద పేరాలు ఉన్నాయి. కూలివాడి చావు కొద్ది వాక్యాలలో ముగుస్తుంది. అయితే నన్ను ఎక్కువ కలవరపెట్టినవాడు ఆర్వెల్ కాదు. అతను 1927 జులైలో బర్మా విడిచి వెళ్ళిపోయాడు. అదే సంవత్సరం అక్టోబరులో రంగూన్ రేవులో మరొక యువకుడు దిగాడు. వయస్సు 23 సంవత్సరాలు. అతని పేరు పాబ్లో నెరూడా.

మన సంఘాలలో, మన పత్రికలలో నెరూడా పేరుకు ఉన్న గౌరవం నేను చెప్పనక్కరలేదు. నేను ఎం.ఏ. చదివే రోజుల్లో హాస్టలు గది గోడ మీద అతని బొమ్మ అంటించుకున్నవాణ్ణి. అలాంటి కవి మన తెలుగు కూలీలు వేలాదిగా బతుకుతున్న నగరంలో ఏడాదికి పైగా కాపురమున్నాడు. మరి అతను వాళ్ళను చూశాడా? చూడకపోతే ఎందుకు చూడలేదు? ఒక పాతనగరంలో పరదేశిగా కాపురం పెట్టిన రచయిత కంటికి ఏది ఆనుతుంది, ఏది ఆనదు అన్నది వ్యక్తుల మంచిచెడ్డల ప్రశ్నగా కాక, సాహిత్య విమర్శలో ఒక ప్రధాన ప్రశ్నగా మనం చర్చించవలసి ఉంది.

ముందుగా ఆ నగరం సంగతి కొంత తెలుసుకోవాలి. 1852 యుద్ధంలో బ్రిటిషువారు రంగూన్‌ను పట్టుకున్న తరువాత, సూలే పగోడాను నడిబొడ్డున ఉంచి, గళ్ళ బట్ట మాదిరిగా నిలువు వీధులూ అడ్డ వీధులూ గీసి కొత్త పట్నం కట్టారు. నది ఒడ్డున లోతట్టు బురదనేలను మట్టి పోసి ఎత్తు చేశారు. బియ్యం మిల్లులు, కలప అడితీలు, రేవుకట్టలు లేచాయి. వీటన్నిటికీ కావలసిన కాయకష్టం సముద్రం ఇవతలి నుంచి వచ్చింది. 1920ల చివరి సంవత్సరాలలో ఏటా మూడు లక్షలకు పైగా భారతీయులు ఓడలమీద బర్మాలో దిగేవారు. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్ జనాభా 4,00,415. అందులో భారతీయులు 2,12,929. అంటే బర్మా రాజధానిలో సగానికి మించి మనవాళ్ళే.

వీరిలో తమిళులూ, బెంగాలీలూ, ఒరియావారూ, హిందూస్తానీవారూ ఉన్నారు. చెట్టియార్ల వంటి వడ్డీ వ్యాపారులూ ఉన్నారు. రేవులో మూటలు మోసినవారిలో, రిక్షా లాగినవారిలో, బియ్యం మిల్లుల్లో ఊక దుమ్ము పీల్చినవారిలో మాత్రం తెలుగువారిదే పెద్ద పాలు. ఎక్కువమంది గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి వెళ్ళినవారు. మేస్త్రి ఊరికి వచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు. ఓడ చార్జీ అతనే కట్టేవాడు. ఆ బాకీతో మనిషి అతని చేతిలో చిక్కేవాడు. రేవు కంపెనీ ఇచ్చిన కూలి మేస్త్రుల అంచెలు దాటి వచ్చేసరికి చిక్కిపోయేది. కూలీలు గదికి ఇంతమంది అని మునిసిపాలిటీ పెట్టిన పరిమితిని మించి, పాతవీధుల్లోని కొట్టు ఇళ్ళలో పక్కపక్కనే పడుకునేవారు. పగటిపని వాళ్ళు లేచిన చాప మీద రాత్రిపని వాళ్ళు నడుం వాల్చేవారు. ఊళ్ళో దీన్ని “రంగం పోవడం” అనేవారు.

నెరూడా దిగింది ఈ నగరంలో. అతను వలస ప్రభువుగా రాలేదని మొదటే ఒప్పుకోవాలి. చిలీ ప్రభుత్వం అతన్ని జీతంలేని కాన్సల్‌గా పంపింది. చిలీకి పోయే తేయాకు పెట్టెలూ, గట్టి పారఫిన్ సరుకూ ఉన్న ఓడ మూడు నెలలకొకసారి కలకత్తా నుంచి వచ్చేది. కాగితాల మీద అతను ముద్రలు కొట్టి సంతకాలు చేసేవాడు. ఆ రుసుమే అతని ఆదాయం. ఆ ఓడ పోయాక మళ్ళీ మూడు నెలలు పని లేదు. చేతిలో డబ్బు ఆడదు. చుట్టూ తెలియని భాషలు. తన మాటలో కవిత్వం వినగలవాడు ఒక్కడూ లేడు. అర్జెంటీనా రచయిత హెక్టర్ ఎయాందీకి వ్రాసిన ఉత్తరాలలో ఈ ఒంటరితనమే గూడు కట్టుకొని ఉంది. 1933లో వెలువడిన “భూమి మీద నివాసం” మొదటి సంపుటిలోని చిక్కటి నైరాశ్యం ఇక్కడే, ఈ వీధుల్లోనే ముదిరింది.

ఇంగ్లీషు దొరల వర్ణగర్వాన్ని అతను అసహ్యించుకున్నాడు. స్థానికులు తిరిగే హోటలుకు పోవద్దనీ, గుర్రపుబగ్గీలలో కనిపించవద్దనీ దొరలు హెచ్చరిస్తే లెక్కచేయలేదు. వారు తనను వెలివేసినందుకు సంతోషించానని ఆత్మకథలో వ్రాసుకున్నాడు. తాను వచ్చింది నాలుగు రోజులుండి పోయే వలస దొరలతో కాలం గడపడానికి కాదనీ, తూర్పుదేశపు ప్రాచీనాత్మతో, అభాగ్యులైన అక్కడి మానవ కుటుంబంతో కలిసి బతకడానికనీ భావం వచ్చేటట్లు చెప్పుకున్నాడు. కిప్లింగ్‌తో పోల్చి చూస్తే ఇది ఎంత ఉన్నతమైన వైఖరి! ఇంతవరకు మనకు అభ్యంతరం లేదు.

కాని మాట ఒకటి, నడక ఒకటి. ఆ మానవ కుటుంబంలో నెరూడాకు ఎదురైనవారెవరు? ఆత్మకథలో రంగూన్ అధ్యాయం చదవండి. దేవాలయాలున్నాయి, పాములున్నాయి, నల్లమందు పొగ ఉంది, ఉత్సవాలున్నాయి. జోసీ బ్లిస్ అని ఇంగ్లీషు పేరు పెట్టుకున్న బర్మీయ యువతి ఉంది. ఆమె అనుమానమూ, కత్తి పట్టుకొని రాత్రి మంచం చుట్టూ తిరగడమూ, ఆమెకు చెప్పకుండా అతను సిలోనుకు పారిపోవడమూ ఉన్నాయి. ఆమెను గురించి వ్రాసిన “విధురుడి టాంగో” ప్రపంచ ప్రేమకవిత్వంలో నిలిచింది. ఇవన్నీ ఉన్నాయి. లేనిది రేవు. అతను సంతకం పెట్టిన కాగితాలలోని తేయాకు పెట్టెలను ఓడలకు ఎక్కించేవారు, దింపేవారు ఆ అధ్యాయంలో లేరు. తన వృత్తికి ఆధారమైన శ్రమను అతను చూడలేదు. మధ్యలో ఒకసారి మద్రాసులో దిగి, శాంటియాగో పత్రికకు ఒక లేఖ పంపాడు. దాని విషయం సముద్రపుటొడ్డున ఉన్న చేపల ప్రదర్శనశాల!

దీనికి కారణం అతని హృదయం చిన్నదని చెబితే అది విమర్శ కాదు. నెరూడా నివాసానికీ కూలి నివాసానికీ మధ్య దూరం కొద్ది ఫర్లాంగులే కావచ్చు. ఇద్దరూ పరదేశులే. ఇద్దరూ సముద్రం దాటి వచ్చినవారే. ఇద్దరికీ బర్మా భాష రాదు. చేతిలో డబ్బు ఇద్దరికీ ఆడదు. కాని ఒకడు ముందు తలుపున వచ్చాడు, రెండవవాడు వెనుక తలుపున వచ్చాడు. ఒకడు పాస్‌పోర్టుతో, తిరుగు టికెట్టు ఆశతో, ప్రభుత్వపు ముద్రతో వచ్చాడు. మరొకడు మేస్త్రి బాకీతో వచ్చాడు. ఇంగ్లీషులో మొదటివాణ్ణి ఎక్స్‌పాట్ అంటారు, రెండవవాణ్ణి కూలీ అంటారు. మనమూ తక్కువ తినలేదు. ఒకడికి “ప్రవాసి” అనే సంస్కృత మర్యాద, ఇంకొకడికి “వలసకూలీ” అనే పేరు. ఈ రెండు మాటల మధ్య ఉన్నది దూరదేశం కాదు, వర్గం.

మొదటి తరహా పరదేశికి పాతనగరంలో పని లేదు, తీరిక ఉంది. పని లేనివాడికి నగరం దృశ్యంగా కనిపిస్తుంది. గోడల నాచు, కిటికీల చెక్కడం, గుడి గంట, మల్లెల వాసన అతనికి అందుతాయి. ఆ గోడను ఎత్తినవాడు, ఆ మురుగును తోడేవాడు దృశ్యంలో ఒక రంగుమచ్చగా మాత్రమే ఉంటాడు. క్రమంగా పరదేశి మనుషుల్ని కూడా పాతకట్టడాల మాదిరిగా చూడడం నేర్చుకుంటాడు. ఇదే నా ప్రధాన ఆరోపణ. దీనికి సాక్ష్యం నెరూడా స్వయంగా ఇచ్చాడు. దానికోసం అతని వెంట రంగూన్ నుంచి కొలంబో వెళ్ళాలి.

1929లో అతను కొలంబో శివారు వెల్లవత్తలో సముద్రపుటొడ్డున ఒక ఇంట్లో ఉన్నాడు. ఆ ఇంటి మరుగుదొడ్డిలో ఒక డబ్బా ఉండేది. అది ప్రతి ఉదయమూ శుభ్రంగా ఉండడం అతనికి వింతగా తోచింది. ఒకనాడు పెందలాడే లేచి చూస్తే, ఇంటి వెనుక నుంచి ఒక తమిళ దళిత స్త్రీ వచ్చి ఆ డబ్బాను ఎత్తుకొని పోతున్నది. నెరూడా ఆసియా జ్ఞాపకాలలో, తనకోసం శ్రమచేసే మనిషిని ఇంత దగ్గరగా కనిపెట్టిన ఘట్టం ఇది. ఆ తరువాత ఏం జరిగింది? ఆమె అందానికి అతను ముగ్ధుడయ్యాడు. దారిలో పట్టుబట్టలో పళ్ళో కానుకగా ఉంచాడు. ఆమె పట్టించుకోలేదు. ఒక ఉదయం మణికట్టు పట్టుకొని గదిలోకి తీసుకుపోయాడు. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. అంతసేపూ ఆమె కళ్ళు తెరుచుకొనే ఉన్నాయనీ, చలించలేదనీ, తనను అసహ్యించుకోవడం న్యాయమేననీ అతనే వ్రాశాడు. ఇలాంటిది మళ్ళీ జరగలేదని ముగించాడు. దీనికి మన భాషలో బలాత్కారం అని పేరు. వేరే మాట వెతకనక్కరలేదు.

సాహిత్య విద్యార్థి ఇక్కడ ఇంకొక సంగతి గమనించాలి. ఆ పేరాలో నెరూడా ఆమెను దేవత అన్నాడు, దక్షిణ భారతదేశపు వెయ్యేళ్ళనాటి శిల్పాలతో పోల్చాడు. ఆమె మౌనాన్ని రాతి విగ్రహపు మౌనంగా మార్చేశాడు. రాయికి ఇష్టాయిష్టాలుండవు గదా! పురాతనత్వాన్ని ఆరాధించడానికి వచ్చిన పరదేశి కన్ను బతికివున్న పాకీపని మనిషిని పురావస్తువుగా మార్చిన క్షణం అది. ఆ ఉపమానం తప్పును కప్పిన అలంకారం కాదు, తప్పు జరగడానికి తోడ్పడిన చూపు. అలంకారశాస్త్రం చెప్పుకునే మనలాంటి ఉపాధ్యాయులు ఈ ఉపమను పాఠంగా చెప్పాలి. ఎవరిని దేనితో పోల్చుతున్నామన్నది రసానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు.

ఇప్పుడు ఆర్వెల్ దగ్గరకు మళ్ళీ వద్దాం. మౌల్మీన్ కూలివాడు బురదలో బోర్లాపడి ఉన్నాడు. అతని కళ్ళు కూడా తెరుచుకొనే ఉన్నాయని ఆర్వెల్ వ్రాశాడు. చనిపోయినవారి ముఖం ప్రశాంతంగా ఉంటుందని ఎవరూ తనకు చెప్పవద్దనీ, అతని ముఖంలో భరించరాని బాధ ఉందనీ అన్నాడు. ఇద్దరు రచయితలు, ఇద్దరూ తరువాత వామపక్షానికి వచ్చినవారు. వారి పుటలలో మన దక్షిణాది శ్రామికులవి రెండు జతల తెరిచిన కళ్ళు. ఒక జత చచ్చిపోయినవాడివి. మరొక జత బతికి ఉండీ రాయిగా చెప్పబడిన స్త్రీవి. ఆ కళ్ళు ఏమి చూశాయో ఇద్దరూ వ్రాయలేదు. వ్రాయగలిగేవారు కూడా కాదు.

తేడా లేకపోలేదు. కూలీకన్న ఏనుగే విలువైనదని యువ ఇంగ్లీషు అధికారులు అనుకున్నారని ఆర్వెల్ చెబుతాడు. కూలీ చనిపోవడం వల్ల చట్టం దృష్టిలో తాను ఒప్పయ్యాననీ, అందుకు తాను సంతోషించాననీ కూడా చెబుతాడు. ఇది క్రూరమైన వాక్యం. కాని అందులో అందం లేదు, శిల్పం లేదు, దేవత లేదు. ఆ వ్యవస్థలో ఒక శవం ఏ పనికి ఉపయోగపడుతుందో అతను దాచలేదు. తన ముఖానికి తగిలించుకున్న ముసుగు తన ముఖాన్నే మార్చేసిందని ఒప్పుకున్నాడు. తాను నిలబడిన చోటు ఏదో ఆర్వెల్‌కు తెలుసు. నెరూడాకు ఆనాడు తెలియదు. తాను దొరల వెలివేతకు గురైనవాడు గనుక ప్రజల పక్షాన ఉన్నాననుకున్నాడు. దొరల క్లబ్బు గుమ్మం దాటకపోయినంత మాత్రాన మనిషి కూలీ గుమ్మం చేరుకోడు. మన మధ్యతరగతి రచయితలు ఈ సంగతి బాగా గుర్తుంచుకోవాలి.

నెరూడా రంగూన్ వదిలిన రెండేళ్ళలోపే, అతను చూడని రేవు చరిత్రకెక్కింది. 1930 మేలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడ కంపెనీలు వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టాయి. సమ్మె పరిష్కారం కాగానే కంపెనీలు బర్మావాళ్ళను వెళ్ళిపొమ్మన్నాయి. పొట్టచేత పట్టుకొని వచ్చిన రెండు జాతుల పేదలు మే 26న వీధుల్లో ఒకరినొకరు నరుక్కున్నారు. వంద మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది మన కోరంగీలు. లాభం ఓడ కంపెనీలది, చావు కూలీలది. జాతివైరం పేరుతో జరిగిన ఈ హత్యాకాండకు మూలం కూలిరేటు. ఆ పాతవీధుల అందం గురించి వ్రాసేవారు ఆ మే నెలను మరిచిపోతే వారి వ్రాతలో అందం మిగలవచ్చు గాని చరిత్ర మిగలదు.

ఇక్కడ ఇద్దరు మిత్రులు నాకు అడ్డు తగులుతారని తెలుసు. మొదటి మిత్రుడు అంటాడు: “కవికి అప్పుడు 23 ఏళ్ళు. అతను 1945లో గాని కమ్యూనిస్టు పార్టీలో చేరలేదు. ఆ వయస్సు తప్పులు పట్టుకొని మహాకవిని తక్కువ చేయడం శత్రువుకు సాయపడడం కాదా?” ఈ వాదానికి సగం బలమే ఉంది. సంఘటన నాటికి అతను యువకుడు. కాని ఆ పేరా వ్రాసింది యువకుడు కాదు. 1974లో, అతని మరణానంతరం వెలువడిన ఆత్మకథలోది అది. నోబెల్ బహుమతీ, సెనేటు సభ్యత్వమూ, అజ్ఞాతవాసమూ అన్నీ చూసిన చేయి దాన్ని వ్రాసింది. ఒప్పుకోలు ఉంది, నిజమే. కాని ఆ ఒప్పుకోలు కూడా ఆమెను శిల్పంగానే ఉంచేసింది.

రెండవ మిత్రుడు, ఎక్కువగా యువతరం నుంచి, “అయితే నెరూడాను పక్కన పారేద్దాం” అంటాడు. 2018లో చిలీలో శాంటియాగో విమానాశ్రయానికి అతని పేరు పెట్టాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు స్త్రీవాదులు ఈ పేరాను చూపించే ప్రతిఘటించారు. ఆ ప్రతిఘటన న్యాయమైనదని నా అభిప్రాయం. విమానాశ్రయానికి పేరు పెట్టడం సన్మానం. సన్మానానికి అర్హత అడగవచ్చు. చదవడం సన్మానం కాదు. పారేస్తే నెరూడాతోపాటు ఆ స్త్రీ కూడా పోతుంది. ఆమె గురించి మిగిలిన సాక్ష్యం నేరస్థుడి సాక్ష్యమే. దాన్ని దాచకూడదు, దానికి ప్రశ్న వేయాలి.

ఆ ప్రశ్న ఎలా వేయాలో కూడా నెరూడాయే నేర్పాడు. 1943లో అతను మాచుపిచ్చు శిథిలాలు చూశాడు. అది కూడా పాతనగరమే. తరువాత వ్రాసిన దీర్ఘకవిత 1950 నాటి “కాంటో జెనరల్”లో చేరింది. అక్కడ అతను రాతిని మెచ్చుకొని ఊరుకోలేదు. రాయి మీద రాయి ఉంది సరే, మరి మనిషి ఎక్కడ ఉన్నాడని అడిగాడు. కట్టినవాడి ఆకలిని అడిగాడు. అజ్ఞాత శ్రామికులను లేచి వచ్చి తన నోట మాట్లాడమన్నాడు. రంగూన్‌లో అడగని ప్రశ్న ఇదే గదా! మధ్యలో ఏమి జరిగింది? 1936లో స్పెయిన్ యుద్ధం వచ్చింది. చిలీ ఉత్తరాన నైట్రేటు గనుల కార్మికులు 1945లో అతన్ని సెనేటుకు పంపారు. ప్రతిభ 1927లోనూ ఉంది, 1945లోనూ ఉంది. కొత్తగా వచ్చింది కార్మికులతో సంబంధం. చూపు పుట్టుకతో రాదు, సంబంధంతో వస్తుంది. అయితే ఆ సంబంధం కొలంబోలోని స్త్రీ దాకా, ఆమె కులం దాకా, ఆమె ఆడతనం దాకా చేరలేదని ఆత్మకథ సాక్ష్యమిస్తున్నది. వర్గచైతన్యం కలిగితే మిగతావన్నీ వాటంతట అవే సరిపోతాయని మనలో కొందరికి ఇంకా నమ్మకం ఉంది. వారికి ఈ పేరా ఒక సమాధానం.

నెరూడాను నిలదీసి మనం తప్పించుకోరాదు. మన తెలుగు సాహిత్యం రంగం వెళ్ళినవాణ్ణి ఎంతవరకు పట్టించుకుంది? నేను చదివినంతలో, రంగం నుంచి డబ్బుతో తిరిగి వచ్చినవాడు కథల్లో అప్పుడప్పుడు కనిపిస్తాడు, అక్కడ బతికినవాడు అరుదు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక లక్షలాది భారతీయులు కొండలూ అడవులూ దాటి కాలినడకన వచ్చారు. వేలాది మంది దారిలోనే పోయారు. 1964లో బర్మా ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేసినప్పుడు మరొక జనప్రవాహం ఓడలలో తిరిగి వచ్చింది. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట నేటికీ ఉంది. ఇంత పెద్ద జీవితానుభవానికి మన దగ్గర ఒక మహానవల ఎందుకు లేకపోయింది? కూలీకి అక్షరం లేదు. అక్షరం ఉన్నవాడు రేవుకు వెళ్ళలేదు.

నేడు రంగూన్ పేరు యాంగాన్. 2012లో అక్కడి పాతకట్టడాలను కాపాడడానికి ఒక సంస్థ ఏర్పడింది. దేశపు తలుపులు కొంత తెరుచుకున్న ఆ సంవత్సరాలలో విదేశీ ఉద్యోగులు వచ్చి పాతవీధుల ఇళ్ళను ముచ్చటపడి అద్దెకు తీసుకున్నారు. 2021 ఫిబ్రవరి సైనిక కుట్రతో ఆ ముచ్చట చెదిరింది. కట్టడాలను కాపాడడం మంచి పనే. కాని గోడను కాపాడి, గోడ పక్కన చాప వంతులు వేసుకొని పడుకున్నవాణ్ణి మరిచిపోతే మనం కాపాడింది సగమే. మన యువకులు కూడా ఇప్పుడు యూరపు పాతపట్నాలలో ఉద్యోగరీత్యా ఉంటున్నారు. వారిలో రచయితలున్నారు. రాతి వీధులను, గడియార స్తంభాలను, కాఫీ అంగళ్ళను వర్ణిస్తున్నారు. వారిని తప్పుపట్టను. తెల్లవారుజామున ఆ రాతి వీధిని ఊడ్చేవాడు ఏ దేశం నుంచి వచ్చాడో, ఏ మేస్త్రికి బాకీ ఉన్నాడో ఒక పేరా వ్రాయమని మాత్రం అడుగుతాను. వారి తాతలలో ఎవరో ఒకరు కోరంగీ అయి ఉండవచ్చు.

ఈ మాటలు చెప్పడానికి నాకున్న అర్హత ఎంత? ఉద్యోగం కోసం సింగరాయకొండ వచ్చిన వారంలోనే కొండమీది నరసింహస్వామి స్థలపురాణం తెలుసుకున్నాను. మెట్లు ఎక్కి చుట్టుపక్కల పొలాలు చూసి మురిసిపోయాను. మా వీధి చెత్త ఎత్తే ఆమె పేరు తెలుసుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది. అదీ కుర్రవాడు ఆ ప్రశ్న అడిగిన మర్నాడు. ఆమెది ఈ ఊరు కాదట. నా మాదిరిగానే బతుకుతెరువుకు వచ్చినదే. ఆమెకు మాత్రం నా పేరు, నేను చేసే పని, నేను ఊళ్ళో లేని రోజులు అన్నీ తెలుసు.

కాబట్టి మన ముందు రెండు పనులున్నాయి. ఒకటి తరగతి గదిలోది. ఆర్వెల్ వ్యాసం చెప్పే మాస్టారు కోరంగీ కూలీ అన్న మాట దగ్గర ఆగి, పటంలో కోరంగిని చూపించాలి. నెరూడా కవిత్వం చెప్పేవారు మాచుపిచ్చుతోపాటు కొలంబోను కూడా చెప్పాలి. రెండవది తరగతి బయటిది. 1964లో పసిపిల్లలుగా ఓడ దిగినవారు కూడా ఇప్పుడు అరవై దాటారు. రేవునూ మిల్లునూ పాతవీధినీ కళ్ళారా చూసినవారు మరికొద్ది సంవత్సరాలలో ఉండరు. మన సంఘాల శాఖలు, మన విద్యార్థులు బర్మా నుంచి వచ్చినవారి పేటలకు వెళ్ళి, వారి మాటల్లోనే ఆ జీవితాన్ని వ్రాసుకోవాలి. దానికి పెద్ద నిధులు అక్కరలేదు, నోటుపుస్తకమూ ఓపికా చాలు.

ఆ కుర్రవాడు ఈ వేసవి సెలవుల్లో విశాఖపట్నం వెళతానంటున్నాడు. అక్కడ అతనికి ఒక మేనత్త ఉంది. బర్మా క్యాంపులో ఎవరిని ఏమి అడగాలో ఒక పట్టిక వ్రాసివ్వమన్నాడు. నేను వ్రాసిచ్చిన పట్టికలో మొదటి ప్రశ్న: మీరు ఏ రేవులో ఓడ ఎక్కారు? రెండవది: మేస్త్రికి ఎంత బాకీ? మూడవ ప్రశ్న అతనే చేర్చుకున్నాడు: మీ వీధిలో తెల్లవాళ్ళు ఎవరైనా ఉండేవాళ్ళా, వాళ్ళను చూస్తే మీకు ఏమనిపించేది?